ఐపీ పెట్టడం, దివాలా చట్టం, ఐబీసీ: తరచుగా అడిగే ప్రశ్నలు, ఎక్కడ వెతికి చదువుకోవాలి

మన దగ్గర అప్పుల గొడవ ముదిరిందంటే రెండు పక్కలా భయమే. తీసుకున్నవాడికి ఇంటి మీదకి వచ్చి పరువు తీస్తారని భయం, ఇచ్చినవాడికి ఎక్కడ ఐపీ పెట్టేస్తాడో అని భయం. చట్టంలో ఏం రాసి ఉందో మాత్రం ఇద్దరూ చూడరు, ఎవరో చెప్పిందే నమ్మేస్తారు, దాంతో ఇవ్వాల్సినవాడు దొరికే రక్షణ పోగొట్టుకుంటున్నాడు, రావాల్సినవాడు వచ్చే నాలుగు డబ్బులు కూడా పోగొట్టుకుంటున్నాడు. అందుకే ఎక్కువమంది అడిగేవి అన్నీ ఒకచోట పెడుతున్నా. మీ కేసులో కాగితాలు చూసి చెప్పాల్సింది వకీలే, కానీ ఆయన దగ్గర కూర్చున్నప్పుడు ఏం అడగాలో ఇది చదివితే తెలుస్తుంది.

ఐపీ పెట్టడం అంటే అసలు ఏంటి?

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. నా అప్పులు నేను తీర్చలేని స్థితికి వచ్చాయి, నన్ను దివాలాదారుగా ప్రకటించండి అని మనిషి కోర్టుకి పెట్టుకునే దరఖాస్తు. రెండు తెలుగు రాష్ట్రాల్లో మామూలు మనుషులకి ఇప్పటికీ నడుస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ యాక్ట్. చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాలకి మాత్రం 1909 నాటి వేరే చట్టం ఉంది, కాబట్టి చెన్నై సిటీలో వ్యాపారం చేసుకునే మనవాళ్ళు అది చూసుకోవాలి.

పిటిషన్ వేసేది ఆ మనిషి ఉండే చోట లేదా వ్యాపారం చేసే చోట ఉన్న కోర్టులో, అంటే జిల్లా కోర్టు గానీ, ప్రభుత్వం అధికారం ఇచ్చిన సీనియర్ సివిల్ జడ్జి కోర్టు గానీ. అప్పు 500 రూపాయలు దాటితే చాలు అని సెక్షన్ 10లో రాసి ఉంది, నూరేళ్ళ కిందటి 500 అది. ఇంకో రెండు దారులు కూడా అదే సెక్షన్‌లో ఉన్నాయి, డబ్బు డిక్రీ, అంటే డబ్బు కట్టమని కోర్టు ఇచ్చిన ఆర్డర్, దాని అమలులో అరెస్టయినా, ఆస్తి జప్తు ఆర్డర్ వచ్చి ఇంకా అమల్లో ఉన్నా వేసుకోవచ్చు.

2016లో కొత్త చట్టం వచ్చింది కదా, పాతది పోలేదా?

పోలేదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్సీ కోడ్, అదే ఐబీసీ, 2016 మే 28న రాష్ట్రపతి సంతకం అయింది. కంపెనీల భాగం 2016 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మనుషులకి, భాగస్వామ్య సంస్థలకి రాసిన మూడో భాగం మాత్రం కాగితం మీదే ఉండిపోయింది, కంపెనీ అప్పుకి వ్యక్తిగతంగా గ్యారంటీ ఇచ్చినవాళ్ళ వరకే 2019 డిసెంబర్ 1 నుంచి అమలు చేశారు. పాత చట్టాలని రద్దు చేసే సెక్షన్ 243ని కూడా అమల్లోకి తేలేదు, అందుకే 1920 చట్టం బతికే ఉంది.

ఆ మూడో భాగంలో ఫ్రెష్ స్టార్ట్ అని ఒక పద్ధతి రాశారు. ఏడాదికి 60,000 రూపాయలకి మించని ఆదాయం, 20,000కి మించని ఆస్తి, 35,000కి మించని అప్పు, సొంత ఇల్లు లేదు, ఇలాంటివాళ్ళు తేలిగ్గా అప్పు మాఫీ చేయించుకుని మళ్ళీ మొదలుపెట్టుకునే దారి. కూలీనాలీ చేసుకునేవాళ్ళకి, తోపుడు బండి వాళ్ళకి అక్కరకొచ్చేది అదొక్కటే, అదే ఇన్నేళ్ళుగా ఆగిపోయింది. వేల కోట్ల కంపెనీ బాకీకి గడువులతో సహా వ్యవస్థ కట్టి, 30,000 బాకీ ఉన్న మనిషిని నూరేళ్ళ నాటి చట్టానికి వదిలెయ్యడం నాకు ఎంత ఆలోచించినా అన్యాయంగానే కనిపిస్తుంది.

ఐపీ వేస్తే అప్పు పోయినట్టేనా?

కాదు, ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. ఇందులో మూడు మెట్లున్నాయి, జనం మొదటి మెట్టునే మూడోది అనుకుంటున్నారు.

మొదటిది పిటిషన్ వెయ్యడం. దీంతో అప్పు పోదు, మీ మీద నడుస్తున్న దావా దానంతట అది ఆగదు. రెండోది కోర్టు విచారణ చేసి దివాలాదారుగా ప్రకటించే ఆర్డర్ ఇవ్వడం, 1920 చట్టం సెక్షన్ 27. ఈ ఆర్డర్‌తో ఆ మనిషి ఆస్తి మొత్తం కోర్టు చేతికో, కోర్టు పెట్టిన రిసీవర్ చేతికో వెళ్ళిపోతుంది, అప్పులవాళ్ళు, అంటే అప్పిచ్చినవాళ్ళు, కోర్టు అనుమతి లేకుండా కొత్తగా దావా వెయ్యకూడదు, అతని ఆస్తి మీదకి వెళ్ళకూడదు. ఇక్కడ కూడా అప్పు అలాగే ఉంది, వసూలు చేసే దారి మారిందంతే, ఎవరికి వాళ్ళు ఎగబడకుండా రిసీవర్ ఆస్తి అమ్మి అందరికీ వంతుల ప్రకారం పంచుతాడు.

మూడోది డిశ్చార్జ్. ప్రకటన ఆర్డర్‌లోనే కోర్టు ఒక గడువు పెడుతుంది, ఆ లోపల డిశ్చార్జ్ కోసం ఇంకో దరఖాస్తు వేసుకోవాలి. వెయ్యకపోతే సెక్షన్ 43 కింద ప్రకటనే రద్దయిపోవచ్చు, అప్పుడు కథ మళ్ళీ మొదటికి. వేసినా కోర్టు ఉన్నపళంగా ఇచ్చెయ్యాలని లేదు, కొంతకాలం ఆపి ఇవ్వొచ్చు, ఇక ముందు వచ్చే సంపాదనలో ఇంత కట్టు అని షరతు పెట్టొచ్చు. ఆస్తి అమ్మితే అప్పులో రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే, దానికి తన తప్పు లేదని చూపించుకోలేకపోతే, పూర్తి డిశ్చార్జ్ ఇవ్వకూడదని సెక్షన్ 42 చెప్తుంది. ఇచ్చిన తర్వాత కూడా ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసం చేసి తెచ్చిన అప్పులు, భార్యాపిల్లల మనోవర్తి పోవు.

ఐపీ వేసి, ప్రకటన ఆర్డర్ తెచ్చుకుని, డిశ్చార్జ్ సంగతి మర్చిపోయి పదేళ్ళు తిరిగేవాళ్ళు ఉంటారు. డిశ్చార్జ్ అయ్యేలోపు తండ్రి చనిపోయి వాటా కలిసొచ్చిందనుకోండి, అది కూడా రిసీవర్‌దే. ఇంకోటి, డిశ్చార్జ్ కాని మనిషి తన సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు, ఆపైన అప్పు తెస్తే అది నేరం, ఆరు నెలల దాకా జైలు రాశారు సెక్షన్ 72లో.

నేను డబ్బిచ్చినవాణ్ణి. కోర్టు నుంచి ఐపీ నోటీసు వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు కవరు పారెయ్యొద్దు. "ఐపీ పెట్టేశాడు బావా, ఇంక రావులే" అని ప్రోనోటు చింపేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి.

నోటీసు మీద ఐపీ నంబర్, సంవత్సరం, కోర్టు పేరు, వాయిదా తేదీ ఉంటాయి. ఆ రోజు మీరు గానీ వకీలు గానీ హాజరవ్వాలి, పిటిషన్ కాపీ అడిగి తీసుకోవాలి. కాపీలో కథంతా చదివేకంటే చివర్లో ఉండే షెడ్యూళ్ళు చదవండి, అసలు సంగతి అక్కడుంటుంది. ఒక షెడ్యూల్‌లో అప్పుల లిస్టు, వరసగా పేరు, ఊరు, ప్రోనోటు తేదీ, అసలు ఎంత. ఇంకో షెడ్యూల్‌లో ఆస్తులు. ఆ ఆస్తుల షెడ్యూల్‌లో మంచం, వంటసామాన్లు, కట్టుబట్టలు రాసి కింద ఓ చిన్న మొత్తం వేసి వదిలేస్తే, మీకు తెలిసిన ఇల్లు ఏమైంది, పొలం ఏమైంది, బండి ఏమైంది అని అక్కడి నుంచే మీ ప్రశ్నలు మొదలవ్వాలి. అప్పుల లిస్టులో కూడా చూడండి, మీరందరూ ఎరిగిన అసలైన అప్పులవాళ్ళ మధ్యలో ఎవరికీ తెలియని పేర్లు, పెద్ద పెద్ద మొత్తాలతో, దగ్గర చుట్టాల పేర్లు ఉంటే అవి ఎందుకు పెట్టారో ఆలోచించండి, పంపకంలో వాటా వాళ్ళ చేతికి వెళ్ళడానికే అలాంటివి వాడతారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీయించండి, పహాణీ గానీ అడంగల్ గానీ తియ్యండి, పిటిషన్‌కి మీ జవాబు, అదే కౌంటర్‌తో పాటు దాఖలు చెయ్యండి.

అయితే ఒక మాట. అప్పు తీర్చలేను అన్నదానికి ఈ దశలో పైపైన రుజువు చాలు అని సెక్షన్ 24లోనే ఉంది, కాబట్టి మీరు గట్టిగా కొట్లాడినా ప్రకటన ఆర్డర్ రావొచ్చు. వస్తే నిరాశపడి ఇంట్లో కూర్చోకండి, మీ అప్పుని అఫిడవిట్‌తో రుజువు చేసుకుని కోర్టు తయారుచేసే షెడ్యూల్‌లోకి ఎక్కించుకోవాలి. అతని పిటిషన్ లిస్టులో మీ పేరుంది కదా అని ఊరుకుంటే కుదరదు, అది అతను రాసుకున్న లిస్టు. ప్రకటన ఆర్డర్ మీద అప్పీలు జిల్లా కోర్టుకి అయితే 30 రోజుల్లో వెయ్యాలి.

ఇంకో ప్రమాదం, చాలామందికి తెలియనిది. ప్రోనోటుకి మూడేళ్ళ గడువు. ఐపీ పెండింగ్‌లో ఉంది కదా, తేలాక చూద్దాం అని ఆగితే, అది మూడేళ్ళు నడిచి చివరికి కొట్టేస్తే మీ ప్రోనోటు గడువు దాటిపోయి చేతిలో చిత్తుకాగితం మిగులుతుంది. గడువు లెక్కలోంచి తీసేసేది ప్రకటన ఆర్డర్ వచ్చిన రోజు నుంచి అది రద్దయిన రోజు దాకానే, సెక్షన్ 78 చూడండి. ఉత్తి పిటిషన్ నడిచిన కాలం తీసెయ్యరు. అందుకని ప్రకటన రానంతకాలం మీ దావా మీరు గడువులో వేసేసుకోవడమే క్షేమం.

ఆస్తంతా భార్య పేర, బావమరిది పేర రాసేసి ఐపీ పెట్టాడు. ఏం చెయ్యలేమా?

చెయ్యొచ్చు. రాసిచ్చిన రెండేళ్ళలోపు ఐపీ పడి దివాలా ప్రకటన అయితే, నిజాయితీగా డబ్బిచ్చి కొన్నది కాకపోతే ఆ రాతని కోర్టు రద్దు చెయ్యొచ్చు, సెక్షన్ 53. పెళ్ళికి ముందు పెళ్ళి ఒప్పందంలో భాగంగా ఇచ్చినవి మాత్రం ఇందులోకి రావు. ఇక పిటిషన్‌కి ముందు మూడు నెలల్లో మిగతా అందరినీ ఎండగట్టి ఒక్క అప్పులవాడికే కావాలని కట్టేస్తే అది సెక్షన్ 54 కింద చెల్లదు. మామూలుగా ఈ రద్దు దరఖాస్తులు రిసీవర్ వెయ్యాలి, ఆయన కదలకపోతే కోర్టు అనుమతి తీసుకుని అప్పులవాళ్ళే వెయ్యొచ్చు, సెక్షన్ 54ఏ. లెక్కలు దాచినా, ఆస్తి దాచినా ఏడాది దాకా జైలు కూడా ఉంది చట్టంలో.

రెండేళ్ళు అన్నది పెద్ద గడువేం కాదు, ఊళ్ళో మాట పుట్టగానే ఈసీ తీసి చూసుకుంటే అప్పటికి చాలా మిగులుతుంది.

అప్పిచ్చినవాళ్ళే ఎదురు ఐపీ వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు, సెక్షన్ 9. రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్ళిపోవడం, అప్పులవాళ్ళకి దొరక్కుండా దాక్కోవడం, ఆస్తి ఎవరికో రాసెయ్యడం, ఇంక కట్టను అని నోటీసివ్వడం, ఇవన్నీ చట్టం దృష్టిలో దివాలా పనులే. అలాంటి పని జరిగిన మూడు నెలల్లోపు పిటిషన్ వెయ్యాలి, ఆ గడువు దాటితే కొట్టేస్తారు. వెంటనే ఇంటెరిమ్ రిసీవర్‌ని కూడా అడగొచ్చు. ఊళ్ళో ఇరవై మంది మోసపోతే ఇరవై దావాలు విడివిడిగా వేసేకన్నా ఇది మంచి దారి అని నా అభిప్రాయం, ఎందుకో మన దగ్గర దీన్ని వాడుకోరు.

అప్పు కట్టలేకపోతే జైల్లో పెడతారా?

కట్టలేకపోవడం నేరం కాదు. డబ్బు డిక్రీ వచ్చాక ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి సివిల్ జైలు అడగొచ్చు, కానీ ఉండీ కట్టడం లేదని చూపించాలి, నిజంగా లేనివాణ్ణి జైలుకి పంపకూడదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పిన తీర్పు ఇప్పటికీ దారి చూపిస్తుంది. బాకీ 2,000 లోపైతే జైలు లేదు, 5,000 దాటితే గరిష్ఠంగా మూడు నెలలు. డబ్బు డిక్రీలో ఆడవాళ్ళని అరెస్ట్ చెయ్యకూడదు. అరెస్ట్ చేసి తెచ్చినప్పుడు, నువ్వు దివాలా దరఖాస్తు పెట్టుకోవచ్చు అని చెప్పమని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 55లోనే ఉంది. ప్రకటన వచ్చాక అరెస్ట్ నుంచి రక్షణ ఆర్డర్ కూడా అడగొచ్చు, ఐపీ చట్టం సెక్షన్ 31.

బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల రికవరీ వాళ్ళు పొద్దున 8 ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు పెట్టింది. బెదిరిస్తే, చుట్టాలకి ఫోన్లు చేసి పరువు తీస్తే ఫోన్ రికార్డు, మెసేజ్‌లు దాచిపెట్టుకుని ఫిర్యాదు ఇవ్వండి. అప్పు ఉన్నంత మాత్రాన తిట్లు పడాలని ఎక్కడా లేదు, దయచేసి ఒక్కళ్ళే కుమిలిపోయి ప్రాణం మీదకి తెచ్చుకోకండి, అన్నిటికీ చట్టంలో ఏదో ఒక దారి ఉంది.

చెక్ బౌన్స్ కేసు ఐపీతో ఆగుతుందా?

ఆగదు. చెక్ బౌన్స్ అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కేసు, అది క్రిమినల్ వైపు నడిచేది. అప్పిచ్చినవాళ్ళు గడువులు గుర్తుపెట్టుకోండి, బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక అవతలివాళ్ళకి 15 రోజులు టైం, ఆ తర్వాత నెలలోపు కేసు. కంపెనీ దివాలా కేసు ఎన్‌సీఎల్‌టీలో, అంటే కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్‌లో ఉంటే కంపెనీ మీద 138 ఆగుతుంది, సంతకం పెట్టిన డైరెక్టర్ల మీద ఆగదు, ఇది 2021లో మోహన్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

బ్యాంకులో తనఖా పెట్టిన ఇల్లు?

తనఖా పెట్టుకుని అప్పిచ్చినవాడు ఐపీకి బయట ఉంటాడు, సెక్షన్ 28లోనే ఉంది, తన తనఖా తను అమ్ముకోవచ్చు. బ్యాంకైతే 2002 సర్ఫేసీ చట్టం కింద నోటీసిచ్చి 60 రోజులు ఆగి స్వాధీనానికి వస్తుంది, దాని మీద వెళ్ళాల్సింది డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి, హైదరాబాద్‌లో, విశాఖలో ఉన్నాయి. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు.

నేను ష్యూరిటీ సంతకం పెట్టాను, వాడు ఐపీ పెట్టాడు. నా సంగతి?

మీరు కట్టాల్సిందే. అప్పు తీసుకున్నవాడు డిశ్చార్జ్ అయినా ష్యూరిటీ పెట్టినవాడు తప్పించుకోలేడు. కట్టాక ఆ మొత్తానికి మీరు కూడా అప్పులవాళ్ళ లిస్టులో చేరొచ్చు. కంపెనీ లోనుకి గ్యారంటీ ఇచ్చినవాళ్ళ మీద బ్యాంకులు ఎన్‌సీఎల్‌టీలోనే ఐబీసీ సెక్షన్ 95 కింద వెయ్యొచ్చు, 2021లో లలిత్ కుమార్ జైన్ కేసు, 2023 నవంబర్‌లో దిలీప్ జివ్రాజ్‌కా కేసు రెండూ ఇది చెల్లుతుందనే చెప్పాయి. తమ్ముడి కంపెనీ కదా అని సంతకం పెట్టేముందు ఈ రెండు తీర్పుల గురించి ఎవరినైనా అడగండి.

దివాలా తీస్తే ఇంట్లో ఏం మిగులుస్తారు? ఉద్యోగం పోతుందా?

సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 లిస్టు చూడండి. కట్టుబట్టలు, వంటసామాన్లు, మంచాలు పరుపులు, మతాచారం ప్రకారం ఆడవాళ్ళు వొంటి మీంచి తియ్యని నగలు, చేతిపనివాళ్ళ పనిముట్లు, రైతు ఉండే ఇల్లు, సేద్యపు పనిముట్లు, పశువులు, పీఎఫ్, ఇవి జప్తు చెయ్యకూడదు. జీతంలో మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు వదలాలి.

ప్రైవేటు ఉద్యోగం చట్టం తియ్యదు. ప్రభుత్వ ఉద్యోగులకి ప్రవర్తనా నియమాల్లో దివాలా గురించి రూలుంది, పైవాళ్ళకి తెలియజెయ్యాలి. డిశ్చార్జ్ కాని దివాలాదారు ఎంపీ, ఎమ్మెల్యేగా ఉండటానికి వీల్లేదు, రాజ్యాంగం 102, 191 అధికరణాలు.

చిట్టీలవాడు బోర్డు తిప్పేశాడు. అతని మీద కూడా ఐపీయేనా?

ముందు ఆ చిట్టీ రిజిస్టర్ అయిందో లేదో కనుక్కోండి. అయితే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరకి వెళ్ళాలి, అక్కడ అతను సెక్యూరిటీ పెట్టి ఉండాలి. కాకపోతే పోలీస్ కంప్లయింట్, దాంతో పాటు డిపాజిటర్ల రక్షణకి ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసిన చట్టం ఉంది, ఆస్తులు జప్తు చేసి పంచే వీలుంది. చిట్టీ పుస్తకం, కట్టిన రశీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు పోగొట్టుకోకండి.

కంపెనీలు దివాలా తీస్తే ఏం జరుగుతుంది?

కంపెనీలకి ఐబీసీ, వేదిక ఎన్‌సీఎల్‌టీ. తెలంగాణకి హైదరాబాద్ బెంచ్, ఆంధ్రకి తర్వాత అమరావతి బెంచ్ వచ్చింది. బ్యాంకులు సెక్షన్ 7 కింద, సరుకు ఇచ్చి డబ్బు రానివాళ్ళు ముందు డిమాండ్ నోటీసిచ్చి 10 రోజులు ఆగి సెక్షన్ 9 కింద, కంపెనీ తనే అయితే సెక్షన్ 10 కింద. బాకీ కనీసం కోటి రూపాయలుండాలి, 2020 మార్చి దాకా అది లక్షే. ఇది పెంచడంతో చిన్న సప్లయర్లకి ఈ దారి దాదాపు మూసుకుపోయింది. కేసు తీసుకున్నాక కంపెనీ మీద దావాలన్నీ ఆగుతాయి, డైరెక్టర్ల చేతిలోంచి పగ్గాలు తీసి రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి ఇస్తారు, అప్పులవాళ్ళ కమిటీ 66 శాతం ఓట్లతో కంపెనీని నిలబెట్టే ఏదో ఒక ప్లాన్‌కి ఒప్పుకోవాలి. గడువు 180 రోజులు, పొడిగిస్తే 270, కోర్టు వ్యవహారాలతో కలిపి 330 అన్నారు, అయితే 2019 ఎస్సార్ స్టీల్ తీర్పు తర్వాత అది కచ్చితమైన గీత కాదు. ప్లాన్ కుదరకపోతే లిక్విడేషన్, అంటే కంపెనీ ఆస్తులు అమ్మి పంచెయ్యడం.

దేశంలో ఐబీసీ కింద మొదట ఆమోదం పొందిన ప్లాన్ మన విశాఖ కంపెనీదే, కార్లకి అల్లాయ్ వీల్స్ చేసే సినర్జీస్ డూరే ఆటోమోటివ్. 2017 ఆగస్టులో హైదరాబాద్ బెంచ్ ఒప్పుకుంది. సుమారు 972 కోట్ల బాకీకి అప్పులవాళ్ళకి దక్కింది సుమారు 54 కోట్లు, అంటే నూటికి ఆరు రూపాయలు కూడా లేదు, పైగా తీసుకున్నది దానికి సంబంధమున్న కంపెనీయే. ఇలాంటివాటి మీద గొడవ జరుగుతుండగానే అదే ఏడాది నవంబర్‌లో సెక్షన్ 29ఏ తెచ్చి, ముంచిన ప్రమోటర్లే తక్కువకి మళ్ళీ కొనుక్కోకుండా అడ్డం పెట్టారు. రిజర్వ్ బ్యాంక్ 2017 జూన్‌లో మొదట ఐబీసీ కిందకి పంపించిన 12 పెద్ద కంపెనీల్లో హైదరాబాద్ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ కూడా ఉంది, దానికి సరైన ప్లాన్ దొరక్క 2018 ఆగస్టులో లిక్విడేషన్‌కి పోయింది. నేర్చుకునేవాళ్ళకి నా సలహా, సెక్షన్లు బట్టీ పట్టేముందు ఈ రెండు కేసుల ఆర్డర్లు పక్కపక్కన పెట్టుకుని చదవండి, చట్టం ఎక్కడ పనిచేసిందో ఎక్కడ జారిందో కళ్ళకి కనపడుతుంది.

నేను పనిచేసిన కంపెనీ, నేను ఫ్లాట్ బుక్ చేసిన బిల్డర్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్ళారు. నా డబ్బు?

పేపర్లో ఒక ప్రకటన వస్తుంది, ఒక ఇంగ్లీష్ పేపర్, ఒక ప్రాంతీయ భాష పేపర్లో. క్లెయిమ్ ఇవ్వాల్సిన ఆఖరు తేదీ అందులోనే ఉంటుంది, మామూలుగా 14 రోజులు. ఉద్యోగులు ఫారం డి, ఫ్లాట్ కొన్నవాళ్ళు ఫారం సీఏ, సరుకు సప్లై చేసినవాళ్ళు ఫారం బి. మెయిల్‌లో పంపొచ్చు, ఫీజు లేదు. లిక్విడేషన్ దాకా వెళ్తే కార్మికుల 24 నెలల బకాయి తనఖా ఉన్న బ్యాంకులతో సమానంగా వస్తుంది, మిగతా ఉద్యోగులకి 12 నెలలది దాని కింద వరసలో. పీఎఫ్ డబ్బు ఈ పంపకంలోకే రాదు.

ఫ్లాట్ కొన్నవాళ్ళకి 2018 నుంచి బ్యాంకులతో పాటు కమిటీలో చోటుంది. వాళ్ళే కేసు వెయ్యాలంటే అదే ప్రాజెక్టులో కనీసం 100 మంది గానీ, మొత్తం కొన్నవాళ్ళలో 10 శాతం గానీ, ఏది తక్కువైతే అంతమంది కలవాలి. ప్రీలాంచ్ అని తెల్లకాగితం మీద డబ్బు కట్టినవాళ్ళకి ఇక్కడే చిక్కొస్తుంది, బ్యాంకు ద్వారా వెళ్ళిన ప్రతి పేమెంట్ స్టేట్‌మెంట్ తీసి ఉంచుకోండి.

చట్టం, తీర్పులు ఎక్కడ చదవాలి? డబ్బు కట్టాలా?

చాలావరకు ఉచితమే. చట్టానికి ఇండియా కోడ్ అనే ప్రభుత్వ సైట్, 1909, 1920, 2016 చట్టాలు మూడూ సవరణలతో ఉంటాయి, ఏ సెక్షన్ ఎప్పుడు అమల్లోకి వచ్చిందో నోటిఫికేషన్లు కూడా చూడొచ్చు. ఎవరో పీడీఎఫ్ పంపితే దాని తేదీ చూడకుండా నమ్మకండి, ఐబీసీని చాలాసార్లు సవరించారు, 2025 ఆగస్టులో కూడా లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు.

ఐపీ కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలంటే ఈకోర్ట్స్ సైట్ గానీ యాప్ గానీ. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పార్టీ పేరు, సంవత్సరం కొట్టండి. తెలుగు పేర్లకి ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఒక్కో చోట ఒక్కోలా ఎక్కిస్తారు, కాబట్టి ఇంటిపేరు ఒక్కటే, పేరు ఒక్కటే, రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. దొరికితే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ రాసి పెట్టుకోండి, తర్వాత నుంచి అదొక్కటి కొడితే వాయిదాలన్నీ వస్తాయి. అప్పివ్వబోయే ముందు కూడా ఇలా ఒకసారి చూసుకోవడంలో తప్పేం లేదు.

కంపెనీల సంగతికి ఐబీబీఐ సైట్ ఒక్కటే సగం పని చేసిపెడుతుంది, 2016 అక్టోబర్‌లో దివాలా వ్యవహారాలకి పెట్టిన నియంత్రణ సంస్థ అది. పబ్లిక్ ప్రకటనలు, క్లెయిమ్ ఫారాలు, ఎన్‌సీఎల్‌టీ, దాని మీద అప్పీళ్ళు వినే ఎన్‌సీఎల్ఏటీ, సుప్రీంకోర్టు ఆర్డర్లు, మూడు నెలలకోసారి లెక్కలతో వచ్చే న్యూస్‌లెటర్ అన్నీ ఉన్నాయి. తీర్పులకి ఇండియన్ కానూన్‌లో సెక్షన్ నంబర్, చట్టం పేరు కలిపి వెతకండి, 1920 చట్టం మీద మద్రాస్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల పాత తీర్పులు బోలెడు. సుప్రీంకోర్టు తీర్పులు కొన్నిటికి తెలుగు అనువాదాలు కోర్టు సైట్‌లోనే పెడుతున్నారు, అయితే రుజువుకి ఇంగ్లీష్‌దే లెక్క.

లోతుగా చదివే స్టూడెంట్లకి మూడు చెప్తా. 1964లో వచ్చిన లా కమిషన్ 26వ రిపోర్ట్, అది మనుషుల దివాలా గురించి. టి.కె. విశ్వనాథన్ కమిటీ 2015 నవంబర్ రిపోర్ట్, రెండు సంపుటాలు, మొదటిది చదివితే ఐబీసీ ఎందుకు ఇలా రాశారో అర్థమవుతుంది. మూడోది 2019 జనవరి స్విస్ రిబ్బన్స్ తీర్పు, ఐబీసీ రాజ్యాంగబద్ధమేనని తేల్చింది, అది చదివితే చట్టం మొత్తం ఒక చుట్టు చుట్టినట్టే.

అమెరికాలో ఉన్న మావాళ్ళు చాప్టర్ 7, చాప్టర్ 13 అంటున్నారు, అదేంటి?

అక్కడ ఫెడరల్ చట్టం ఒక్కటే, టైటిల్ 11. చాప్టర్ 7 అంటే మినహాయింపులు పోను ఉన్నది అమ్మి పంచి బయటపడటం, చాప్టర్ 13 అంటే జీతమున్నవాళ్ళు మూడు నుంచి ఐదేళ్ళ ప్లాన్ పెట్టుకుని కట్టడం. సిటిజన్ అయ్యుండాలని లేదు, అక్కడ నివాసమో ఆస్తో ఉంటే చాలు, కానీ వీసా మీద ఉన్నవాళ్ళు ఇమ్మిగ్రేషన్ లాయర్ని కూడా అడిగి వెయ్యాలి. స్టూడెంట్ లోన్ మామూలుగా పోదు. వేసేముందు 180 రోజుల్లోపు క్రెడిట్ కౌన్సెలింగ్ తప్పనిసరి. యూఎస్ కోర్ట్స్ సైట్‌లో బ్యాంక్రప్సీ బేసిక్స్ అని ఉచితంగా ఉంది, చాలా తేలిక భాష. కేసు ఫైళ్ళు పేసర్ అనే కోర్టు రికార్డుల సైట్‌లో, పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఏమీ తీసుకోరు.

వకీలుని పెట్టుకునే స్థోమత లేదు. ఎవరిని అడగాలి?

ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఉచితంగా వకీలుని ఇస్తారు. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకి ఆదాయంతో పని లేదు, మిగతావాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. ఫోన్ నంబర్ 15100. అప్పు చిన్నదైతే, అవతలివాళ్ళు మాట్లాడే మనుషులైతే, లోక్ అదాలత్‌లో వాయిదాల మీద రాజీ చేయించమని అడగండి, అక్కడ రాజీ అయితే దానికి డిక్రీ విలువ ఉంటుంది, ఐపీ దాకా పోకుండానే తేలొచ్చు. తెలంగాణలో చిన్నరైతులకి, వ్యవసాయ కూలీలకి, చేతివృత్తులవాళ్ళకి రుణ విముక్తి కమిషన్ పెట్టేందుకు 2016లో చేసిన చట్టం కూడా ఉంది, దాని సంగతి కూడా అక్కడే అడగండి.

వెళ్ళేటప్పుడు ఆధార్ కాపీ, అప్పుల లిస్టు ఒక కాగితం మీద, ఎవరికి ఎంత, ఎప్పుడు తీసుకున్నారు, ఎంత వడ్డీ, ఇప్పటిదాకా ఎంత కట్టారు, వచ్చిన ప్రతి నోటీసు కవరుతో సహా, చెక్కులు గానీ ఖాళీ ప్రోనోట్లు గానీ ఎవరి దగ్గరైనా ఇరుక్కుని ఉంటే వాటి వివరాలు తీసుకెళ్ళండి. ఏదీ దాచకండి, ముఖ్యంగా ఇంట్లోవాళ్ళ పేరు మీదకి మార్చిన ఆస్తి సంగతి, అది అవతలి వకీలు బయటపెట్టేకన్నా ముందు మీ వకీలుకి తెలిసుండాలి.